జానెడు గొట్టం

మా ఆయన మీద నాకున్న ఫిర్యాదులన్నీ వరసపెట్టి చెప్పుకోవడానికి ఈ బెంచీ మీద కూర్చునే గంట చాలదు గనక, ఇవాళ్టిది ఒక్కటే చెప్పుకుంటాను. కంటికి కనపడని పురుగుల్ని లెక్కపెట్టే ఉద్యోగం చేస్తూ, ఇవాళే, ఇన్నేళ్లలో అన్నిటికంటే జాగ్రత్తగా లెక్కపెట్టాల్సిన ఈ రోజే, కళ్లజోడు ఫ్రిజ్ మీద మర్చిపోయి వెళ్లారు. పురుగులు అనకూడదట, బ్యాక్టీరియా అనాలట, అది వేరే సంగతి. పదిన్నరకి ఫోన్ చేసి తెచ్చిపెడతావా అని అడిగారా, లేదు. కళ్లజోడు అక్కడే ఉందా చూడు అన్నారు. ఉందండీ అన్నాను. ఉంటే సరేలే అన్నారు. ఇరవై రెండేళ్ల కాపురంలో నేను నేర్చుకున్న భాషలో దానికి అర్థం, పన్నెండు లోపల పట్టుకురా అని. పొయ్యి కట్టేసి, సగం తరిగిన కూరగాయల మీద గిన్నె బోర్లించి, బస్సెక్కి వచ్చాను. డెయిరీ గేటు దగ్గర కాపలా మనిషి నా పేరు అడగలేదు, ‘ముక్కు సార్ తాలూకానా అమ్మా’ అని, అన్నాక నాలిక కరుచుకున్నాడు. ఫర్వాలేదులే నాయనా, ప్రతిదీ వాసన చూసే ఆ ముక్కుతో నేను ఇరవై రెండేళ్లుగా వేగుతున్నాను, నీకు ఆ మాత్రం హక్కు లేదా.

ల్యాబ్ బయట పొడవాటి వరండా, పాలు పోసేవాళ్లు కూర్చోడానికి ఈ ఒక్క బెంచీ, ఎదురుగా గోడకి సగం ఎత్తు నుంచి అద్దం. అద్దం వెనక ఆయన తెల్లకోటు అటూ ఇటూ తిరుగుతోంది. నేల ఎప్పుడూ తడిగానే ఉంటుందిక్కడ. పక్క హాల్లో పాకెట్లు నింపే యంత్రం టప్పు టప్పుమంటోంది, గోరువెచ్చని పాల వాసన, దాని వెనక కాస్టిక్ సోడా ఘాటు. ఆయన చొక్కాలకి ఉండే వాసనే. పెళ్లయిన కొత్తలో ఆ ఘాటుకి ముక్కు మూసుకునేదాన్ని, ఇప్పుడు ఊరెళ్లి వారం ఉంటే అదెక్కడా తగలక నిద్ర సరిగా పట్టదు. ఈ మాట ఆయనకి చెప్పలేదు, చెప్పే ఉద్దేశం కూడా లేదు. బెంచీకి ఆ చివర మా తమ్ముడు. మధ్యలో నా సంచీ, అందులో కళ్లజోడు, అడిగినప్పుడు ఇద్దామని. వాడి కాళ్ల దగ్గర ఖాళీ పాలక్యాను, దాని పిడి ఒకపక్క ఊగుతోంది. ఏం తోచక వేలితో దాన్ని కదుపుతున్నాడు, అది కిర్రుమంటోంది, కిర్రుమన్నప్పుడల్లా ఆపుతున్నాడు, మళ్లీ కదుపుతున్నాడు. వచ్చినప్పటినుంచి ఒకే ఒక మాట అడిగాడు, నీకేమైనా తెలిసిందా అక్కా అని. నాకేం తెలుస్తుందిరా, నేను జోడు మోసుకొచ్చినదాన్ని అన్నాను.

తెలిసిందల్లా ఇది. మూడు గాజు పళ్లేలు రెండు రోజులుగా లోపల వెచ్చటి పెట్టెలో పొదుగుతున్నాయి. ఒకటి మా తమ్ముడి క్యానులో పాలది. ఒకటి పెద్ద ట్యాంకుది. మూడోది ఒక జానెడు గొట్టం ముక్కది. పన్నెండింటికి పెట్టె తెరుస్తారు. తమ్ముడి పళ్లెం నిండా పురుగులు పెరిగి చుక్కలు మొలిస్తే వాడి పాలు ఇక ఈ డెయిరీ గడప తొక్కవు, చుట్టుపక్కల ఇంకో డెయిరీ లేదు, రేపు ఇద్దరు మనుషులు వాడి ఆవుల్ని చూడ్డానికి వస్తామన్నారు. ఉన్నవి తొమ్మిది. అందులో నుదుటి మీద తెల్లమచ్చ ఉన్నది మా మరదలు తప్ప ఇంకెవరు కూర్చున్నా చుక్క పాలివ్వదు, దాన్నెవరు కొంటారు, కొన్నా ఏం చేసుకుంటారు, మరదల్ని కూడా తీసుకెళ్తారా. అలా కాక మూడో పళ్లెంలో మొలిస్తే, పాకెట్లలో పాలు విరగడానికి కారణం మా ఆయన. ఇరవై నాలుగేళ్ల సర్వీసులో ఒక్క మచ్చ లేని మనిషి, మచ్చ లేదన్న సంగతి రోజూ గుర్తుచేసే మనిషి. అటు తమ్ముడు, ఇటు మొగుడు. దేవుణ్ణి ఏమని కోరుకోవాలో తెలియక బస్సులో కూర్చున్నంతసేపూ మధ్యేమార్గంగా ట్యాంకు పళ్లేన్ని కోరుకున్నాను. ట్యాంకుకి అక్క లేదు, పెళ్లాం లేదు.

అసలు పాకెట్లు విరగడం మొదలై రెండు నెలలవుతోంది. గడువు తేదీకి ఇంకో రెండు రోజులుండగానే పాలు పులిసిన వాసన, కాస్తే ముక్కలు. సరిగ్గా ఆ నెలలోనే మా తమ్ముడు ఇక్కడ పాలు పొయ్యడం మొదలుపెట్టాడు. ఒకరోజు వాడి బండి దారిలో ఆగిపోయి, ఎండలో రెండు గంటలు నిలబడి, ఆ పూట వాడి పాలలో లెక్క ఎక్కువొచ్చింది. అంతే, దొరికాడు. వేరేవాళ్లయితే ఒకటికి రెండుసార్లు పరీక్ష చేసేవారు, పిలిచి మాట్లాడేవారు. బావమరిది గనక వెంటనే ఆపేశారు. బంధువని వదిలేశాడని రేపెవరైనా అంటే అన్నారు. మా ఆయన నిజాయితీకి ఉన్న జబ్బు ఇది, అది ముందు ఇంట్లోవాళ్లనే కరుస్తుంది. మా అమ్మాయి ప్లస్ టూ పరీక్షలకి ఆయన స్నేహితుడే ఇన్విజిలేటరని, దాన్ని ముందు బెంచీలో కూర్చోపెట్టమని ఆయనే ఫోన్ చేసి చెప్పారు. అది ఇప్పటికీ ఆ మాట ఎత్తి నవ్విస్తుంది, అప్పుడు మాత్రం మూడు రోజులు అన్నం మానేసింది. సరే, తమ్ముడి పాలు ఆపి ఇరవై రోజులైంది. ఇరవై రోజుల్లోనూ పాకెట్లు విరుగుతూనే ఉన్నాయి. వాడి పాలే లేనప్పుడు వాడి దోషం ఎలాగండీ అంటే, ట్యాంకులో ఇంకా ఆ ప్రభావం ఉంటుంది నీకు తెలియదు అన్నారు. నాకు తెలియదు నిజమే, నేను కాలేజీలో చదివింది చరిత్ర. కానీ ఎవరిమీద నేరం పడిందో వాడు జైల్లో ఉండగా దొంగతనాలు జరుగుతూనే ఉంటే ఏమనుకోవాలో చరిత్ర చదివినవాళ్లకి కూడా తెలుస్తుంది.

పాలు ఆపినదానికంటే వాడికి నొప్పి తగిలింది వేరేచోట. ఆ రోజు నుంచి ఆయన వాణ్ణి మీరు అంటున్నారు. మీ నమూనా, మీ క్యాను, మీరు సంతకం పెట్టండి. మా పెళ్లి నాటికి వాడికి పన్నెండేళ్లు. ఒరేయ్ అని పిలిచి సైకిలు నేర్పింది ఈయన, మీసం గీసుకోవడం నేర్పింది ఈయన, వాడి పెళ్లిచూపులకి వాడికంటే ముందు తయారై కూర్చుంది ఈయన. మొన్న ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడి, అక్కా, బావ నన్ను మీరు అంటున్నాడే అన్నాడు. ఆవుల సంగతి చెప్పినప్పుడు తడవని కళ్లు ఆ మాటకి తడిశాయి. తొమ్మిది ఆవుల మనిషి.

వాడికి పాలు పట్టింది నేనే. అమ్మకి వాడు పుట్టాక ఒంట్లో బాగుండక, పదకొండేళ్ల దాన్ని, పీపా అంత గిన్నెలో నీళ్లు మరగబెట్టి సీసాలు ఉడకబెట్టేదాన్ని. అమ్మ మంచం మీంచే చూస్తూ చెప్పేది, పాలపీక తిరగేసి లోపల రుద్దవే, బయట కడిగితే నీ కంటికి బాగుంటుంది, లోపల కడిగితే వాడి కడుపుకి బాగుంటుంది. వేలుకి తొడుక్కుని తిరగేసి ఉప్పుతో రుద్దేదాన్ని, జిగురుజిగురుగా జారేది. అమ్మ దాన్ని పాచి అనేది. పళ్లమీద పొద్దున్నే ఉండేదీ పాచే, కుండ అడుగున పట్టేదీ పాచే. ఆయన పుస్తకంలో దాని పేరు బయోఫిల్మ్. పాచేగా అంటే ఆయనకి కోపం, పాచికి ఇంత పరిశోధన అక్కర్లేదంటారు. ఆయన ట్రైనింగ్ పుస్తకాలు నేనే ఎక్కువ చదివాను, మధ్యాహ్నాలు ఇంకేం ఉంటుంది. ఒక్కటిగా ఉన్న బ్యాక్టీరియా ఏమీ చెయ్యలేదట, వేణ్ణీళ్లు తగిలితే పోతుందట. కానీ ఎక్కడో చిన్న గీత, చిన్న మూల, నీళ్ల ధార తగలని చోటు దొరికిందంటే అతుక్కుని కూర్చుంటుంది, చుట్టూ జిగురు అల్లుకుంటుంది, ఇంకొన్నిటిని పిలుచుకుంటుంది, ఆ జిగురు గోడల మధ్య ఇరుగూ పొరుగూ ఏర్పడి తిండి పంచుకుంటారు, పైన సోడా పోసినా యాసిడ్ పోసినా పై అంతస్తువాళ్లు పోతారు గాని లోపలివాళ్లకి ఏమీ కాదు. ఇది చదివినప్పుడు మా అత్తగారి తరఫు చుట్టాలు గుర్తొచ్చారు, నవ్వాను, ఏంటి నవ్వుతున్నావ్ అన్నారు, ఏం లేదండీ చాలా బాగా రాశారు అన్నాను. ఇప్పుడు ఈ బెంచీ మీద నవ్వు రావడం లేదు. ఆయనకీ తమ్ముడికీ మధ్య కూడా ఇలాగే కదా పట్టింది, ఒక్క మాట, ఆ మొదటిరోజే తుడిస్తే పోయేది.

కిర్రు. వదిలెయ్‌రా పిడిని. వదిలేశాడు.

ఈ జానెడు గొట్టం కథ ఆయన స్వభావం తెలియకపోతే అర్థం కాదు. మా ఇంట్లో మూతల్లేని సీసాలు పద్నాలుగు, సీసాల్లేని మూతలు నలభై. కాడ విరిగిన గొడుగు ఒకటి, మా అమ్మాయి చిన్నప్పటి సైకిలు చక్రం ఒకటి. ఎందుకండీ అంటే రేపు పనికొస్తుంది అంటారు. ఆ రేపు ఇరవై రెండేళ్లుగా వస్తూనే ఉంది. రెండు నెలల కిందట డెయిరీలో ఒక పాత యంత్రాన్ని తీసేశారు. పాలు కాచే యంత్రం దాటాక, పాకెట్ల యంత్రానికి వెళ్లే దారిలో ఉండేది అది. తీసేసినచోట గొట్టం కొమ్మ ఒకటి జానెడు మిగిలింది. మొదలంటా కోసేద్దామా సార్ అని ఫిట్టరు అడిగాడట. ఈయన ఏమన్నారో నేను అక్కడ లేకపోయినా చెప్పగలను. ఉండనీ, మూత బిగించు, రేపు పనికొస్తుంది. దాంతో పెద్ద గొట్టంలో పాలు పరుగెడుతుంటే ఈ జానెడు సందులో చారెడు పాలు వెళ్లి నిలబడతాయి. కడిగే నీళ్లు పరుగెడుతుంటే అవి ఈ సందు ముందునుంచే వెళ్లిపోతాయి గాని లోపలికి తిరగవు, మెయిన్ రోడ్డు ఊడ్చినవాళ్లు సందులోకి రానట్టు. కడిగిన ప్రతిసారీ ఈయన నిలబడి గడియారం చూసి, వేణ్ణీళ్లు ఇన్ని నిమిషాలు, సోడా ఇన్ని నిమిషాలు, యాసిడ్ ఇన్ని నిమిషాలు అని చార్టు నింపి సంతకం పెట్టారు. దూదిపుల్లతో తుడిచి పరీక్షకి పంపారు. ఎక్కడ తుడిచారు, రోజూ తుడిచే చోటే, చెయ్యి అందేచోటే, తళతళలాడేచోటే. గదులు ఊడ్చి మంచం కింద వదిలేస్తే నన్నేమంటారో ఆయన.

ఇదంతా నాకు మొన్న తెలిసింది. మొన్నటిదాకా నేననుకున్నది ఒకటే, కాచిన పాలు విరిగాయంటే గిన్నె వాసన చూడాలి, ఆవుని తిట్టకూడదు. అమ్మ మాట అది. ఆయనతో అంటే, వేడికి చావనివి కూడా కొన్ని ఉంటాయి, నీ గిన్నె శాస్త్రం ఇక్కడ పనిచెయ్యదు అన్నారు. సరేనని ఊరుకున్నాను. ఊరుకోవడంలో నాకు మంచి అనుభవం ఉంది. తరవాత ఐదోరోజో ఆరోరోజో, ఆయన టీ ఫ్లాస్కు మూత కడుగుతూ ఎందుకో గోరు పెట్టి లోపలి రబ్బరు రింగు లాగాను. వచ్చింది. దాని కింద నల్లగా, జిగటగా, వేలికి పట్టుకుని సాగింది. వాసన చూశాను, పులిసిన పాలు. పదకొండేళ్ల ఫ్లాస్కు. సీసా పీక తిరగేసి తోమిన చేతులే ఇవి. పదకొండేళ్లు రోజూ ఈ మూతని కొళాయి కింద తళతళా కడిగి బోర్లించాయి. ఒక్కసారీ రింగు తియ్యలేదు. నిలబడి కాసేపు సిగ్గుపడ్డాను, తరవాత నాకు బుద్ధి వచ్చింది, అంటే దుర్బుద్ధి. రింగుని కడగలేదు. చిన్న సాసర్లో పెట్టి మర్నాడు పొద్దున్న ఆయన టిఫిన్ ప్లేటు పక్కన ఉంచాను. ఇదేంటి అన్నారు. మీ ఫ్లాస్కు రింగు అన్నాను. ఇంత పాచి ఎలా పట్టింది అన్నారు, మొదటిసారి పాచి అన్నారు. ఏమోనండీ, రోజూ కడుగుతూనే ఉన్నాను, మా తమ్ముడి పాలవల్ల అయ్యుంటుంది అన్నాను.

ఆయన సాసర్ దగ్గరికి లాక్కుని, ముక్కు దాకా తీసుకెళ్లి, చాలాసేపు చూశారు. ఆదివారం పొద్దున లేచేసరికి ఇంట్లో చాకులన్నీ నూరి వరసగా పెట్టి ఉన్నాయి. ఇది మీకు తెలియదు కదా. మా ఆయన క్షమాపణ నోటితో చెప్పరు, చేత్తో చెబుతారు. పెళ్లైన ఏడాదికి నన్ను నలుగురిలో కసిరినందుకు కుళాయి వాషరు మార్చారు. నా పుట్టినరోజు మర్చిపోయినందుకు తలుపు గొళ్లెం బాగుచేశారు. మా అమ్మ పోయినప్పుడు సమయానికి రాలేకపోయినందుకు ఇల్లంతా కొత్త స్విచ్‌లు వేశారు, ఏడుస్తూ వేశారు, స్క్రూ డ్రైవరు జారుతుంటే చూడనట్టు పక్కగదిలోకి వెళ్లాను. మా వీధిలో అన్నిటికంటే బాగా తెగే చాకులు మావి, ఒక్క చుక్క నీరు కారని కుళాయిలు మావి. తప్పు నాది అన్న రెండు మాటలు మాత్రం మా ఇంట్లో ఇంతవరకూ వినపడలేదు. నేను అడగలేదు. గొళ్లెం సరిగ్గా పడుతుంటే ఇంకేం కావాలి అనుకున్నాను. నాకు అది చాలు, నిజంగా చాలు. కానీ ఈ ఆదివారం చాకులు చూశాక మాత్రం, నాకెందుకండీ ఇవి, నూరాల్సింది ఇక్కడ కాదు కదా అనిపించింది. ఆ మర్నాడే ఆయన ఫిట్టరుని పిలిచి ఆ కొమ్మని కోయించారట. కోసిన ముక్క లోపల దూదిపుల్లతో తుడిచి మూడో పళ్లెం పెట్టించారట. ఎవరూ అడగకుండానే. దాన్నీ, తమ్ముడి పళ్లేన్నీ ఒకేసారి, ఒకే పెట్టెలో. ఇది ల్యాబ్ అమ్మాయి ఫోన్లో చెప్పింది. సార్ ఆ గొట్టంలోకి టార్చి వేసి చూసి, చాలాసేపు అక్కడే కూర్చుండిపోయారు ఆంటీ అంది.

మరి నా రింగు సంగతి? కడిగింది నేనే కదా పదకొండేళ్లు. అదీ చెప్పాలి. చెబుతాను, ఇంకో పదకొండేళ్లకి.

పన్నెండు కావడానికి నాలుగు నిమిషాలు. తలుపు తెరుచుకుంది. ల్యాబ్ అమ్మాయి తల బయటపెట్టి, ఆంటీ, సార్ కళ్లజోడు అంది. సంచీలో చెయ్యి పెట్టాను. తగిలింది. చెయ్యి అక్కడే ఉంచాను. దొరకట్లేదమ్మా ఒక్క నిమిషం అన్నాను. ఏం చెయ్యను, ఆ ఒక్క నిమిషం ఇద్దరూ నిర్దోషులు. అటు అద్దం వెనక వంగిన ఆ వీపు, ఇటు వేలు పిడి మీద ఆపుకున్న వీడు, ఇద్దరూ ఒకేలా కూర్చుంటారు, భుజాలు ముందుకి పెట్టి. ఎవరు ఎవర్ని చూసి నేర్చుకున్నారో నాకు తెలుసు. తీసి ఇచ్చాను. ఇచ్చేముందు చీరకొంగుతో అద్దాలు తుడిచాను, కనీసం సరిగా కనపడాలి.

మొదటి పళ్లెం, తమ్ముడిది, వెలుతురుకి ఎత్తారు. కింద పెన్నుతో చుక్కలు పెడుతూ లెక్కపెడతారు, మళ్లీ అదే లెక్కలోకి రాకుండా. అక్కడక్కడా నాలుగు చుక్కలు, ఇంకో రెండు, ఆపి, పళ్లెం తిప్పి, మళ్లీ చూసి, రాశారు. రెండోది, అంతే. మూడోది ఎత్తారు. ఇక్కడికే కనపడింది. చుక్కలు లేవు అందులో, అంతా ఒకటే తెలుపు, పొగమంచు పట్టిన కిటికీలా. ఆయన పెన్ను ముందుకొచ్చింది, ఆగింది. పెన్నుకి మూత పెట్టేశారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు, ఇప్పుడే తుడిచాను కదండీ.

బయటికొచ్చారు. తమ్ముడు లేచి నిలబడ్డాడు. ఆయన వాడి మొహం చూడలేదు, కిందకి చూశారు, క్యాను వైపు. “పిడి ఊగుతోంది,” అన్నారు. “స్క్రూ వదులైనట్టుంది. ఇటివ్వండి, రెండు నిమిషాల్లో బిగించిస్తాను.”

వాడి మొహం విప్పారింది. వాడికీ వచ్చు ఈ భాష, వాడి సైకిలు గొలుసు ఎన్నిసార్లు బాగుపడిందో. క్యాను ఎత్తి ఇవ్వబోయాడు. అక్కడితో అయిపోయేది, అంతా సర్దుకునేది, రేపు పొద్దున్న పాలు వచ్చేవి, ఆవులు ఉండేవి. నాకూ అదే చాలనిపించింది ఒక్క క్షణం. పైన బాగానే కడిగినట్టే కదా. నా చెయ్యి వెళ్లి క్యాను మూత మీద పడింది.

“పిడి ఎక్కడికీ పోదులెండి,” అన్నాను.

నా వంక చూశారు. ఇరవై రెండేళ్లలో ఒక్క కుళాయినీ నేను వద్దనలేదు, అందుకని అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. పక్క హాల్లో యంత్రం టప్పు టప్పుమంటూనే ఉంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కోటు జేబుల్లో వెతుక్కున్నారు, అక్కడ స్క్రూ డ్రైవరు కూడా ఉండే ఉంటుంది, తియ్యలేదు.

“నీ పాలు శుభ్రంగా ఉన్నాయి,” అన్నారు, ఈసారి వాడి మొహంలోకి చూస్తూ. “ఎండ తగిలిన ఆ ఒక్క పూట తప్ప ముందునుంచీ శుభ్రంగానే ఉన్నాయి. ఆ గొట్టం ముక్క ఉంచమన్నది నేను. నలుగురూ ఏమనుకుంటారోనని ముందు నిన్ను పట్టుకుంది నేను.” వాడు ఏదో అనబోతుంటే వద్దని చెయ్యి ఎత్తారు.

“తప్పు నాదేరా.”